పాడింది 400, కట్టింది 656

వేలమంటే మనకు తెలిసింది లడ్డూ వేలం. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యికి పోయింది, అయినా లెక్క మాత్రం అదే, నోటితో ఎంత పాడితే అంత కట్టడమే. నేను అదే ధీమాతో ఆ మధ్య ఇక్కడ న్యూజెర్సీలో ఒక ఆన్‌లైన్ వేలంలో వెండి మరచెంబుకు పాడాను. మూత మర కాస్త అరిగింది, అడుగున తెలుగులో ఎవరివో పొడి అక్షరాలు. అవి చూశాక ఇక ఆగలేదు. 400 డాలర్లకు నాదైంది, ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మర్నాడు బిల్లొచ్చింది. బయర్స్ ప్రీమియం, అంటే పాట మీద కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ అదనంగా తీసుకునే రుసుము, 25 శాతం, అంటే 100. ఆన్‌లైన్‌లో పాడినందుకు ఇంకో 5 శాతం, 20. ఈ 520 మొత్తం మీద సేల్స్ ట్యాక్స్ 6.625 శాతం (ప్రీమియం మీద కూడా ట్యాక్సేనండోయ్!), కార్డుతో కడితే 3 శాతం. అక్కడికి 571 అయింది. ప్యాకింగ్ వాళ్లు చెయ్యరట, వేరే వాళ్లను మాట్లాడుకుంటే ఇంకో 85. వెరసి 656.

షరతుల్లో అన్నీ ఉన్నాయి, చదవకపోవడం నా తప్పే. కానీ బిడ్ బటన్ మీద 400 అని కాకుండా 571 అని చూపించడానికి వీళ్లకేం అడ్డం? కంప్యూటర్‌కు రాని లెక్కా? 1975లో లండన్‌లో క్రిస్టీస్, సోథెబీస్ అనే పెద్ద వేలం సంస్థలు ఈ ప్రీమియం మొదలుపెట్టినప్పుడు 10 శాతమే. 2025 ఫిబ్రవరిలో సోథెబీస్ దాన్ని 20 లక్షల డాలర్ల దాకా 27 శాతం చేసింది. టికెట్లకు, హోటళ్లకు మొత్తం ధర ముందే చూపించాలని ఎఫ్‌టీసీ (వినియోగదారుల మోసాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) 2025 మే నుంచి రూలు అమల్లో పెట్టింది గానీ వేలాలు అందులోకి రావు. రావాలనే నేనంటాను.

అప్పటిదాకా నా లెక్క నాది. ప్యాకింగ్ ఖర్చు పక్కన పెట్టి, జేబులోంచి ఎంత పోయినా పరవాలేదో ముందు అనుకుని దాన్ని 1.43తో (571ని 400తో భాగిస్తే వచ్చేది అదే) భాగిస్తున్నాను. పోయిన వారం ఒక ఇత్తడి దీపపు సెమ్మెకు 500 అనుకుని 350 దగ్గర ఆగాను. 360కి ఎవరో పట్టుకుపోయారు. కాస్త బాధగానే ఉంది.