మేత మిగిలిందని చెప్పనిస్తున్నామా?

నెల్లూరు తీరంలో రొయ్యల పంట దెబ్బతిన్నప్పుడల్లా సీడునో (చెరువులో వదిలే రొయ్య పిల్లలు), వాతావరణాన్నో, ధరనో తిట్టుకోవడం రివాజు. వాటి పాత్ర లేదని కాదు. కానీ చెరువు గట్టు మీద ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారు, ఏం దాస్తున్నారు అన్నది మాత్రం నష్టాల లెక్కలోకి రాదు.

చెక్ ట్రే సంగతే చూడండి. వల బిగించిన చిన్న పళ్లెం అది. కాస్త మేత వేసి నీళ్లలోకి దించి, రెండు గంటలకు పైకి లాగుతారు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి. రొయ్యల పేగు ఖాళీగా కనిపించినా, తెల్లటి దారాల్లాంటి మలం తేలినా జబ్బును అనుమానించాలి. ఈ కబురు ముందుగా తెలిసేది గట్టు మీద కాపురముండే కూలీకి. అతను ‘మేత మిగిలింది’ అనగానే యజమాని ‘సరిగ్గా చల్లి చావలేదా’ అని విరుచుకుపడితే, మర్నాటి నుంచి కూలీ చెప్పే లెక్కలో ట్రేలన్నీ ఖాళీగానే పైకి వస్తాయి. పుస్తకంలో అంతా బాగున్నట్టే ఉంటుంది. మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలినప్పుడు గానీ యజమానికి నిజం తెలియదు.

సాగు ఖర్చులో సింహభాగం మేతదే. కిలో రొయ్యకు కిలోన్నర మేత పడుతున్న చోట 1.4 కిలోలతో సరిపెడితే, 4 టన్నుల పంటకు 400 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 16 మిగులుతాయి. పూటపూటా ట్రే చూసి కొద్దికొద్దిగా సర్దుకుంటే వచ్చే ఆదా ఇది. 

గట్టు దాటితే ఇదే చిక్కు ఊరంతటిదీ అవుతుంది. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్యను ఊడ్చేసినప్పుడు, జబ్బు చెరువుల నీరు కాలువల్లో కలవడం, ఆ నీటినే పక్కవారు తోడుకోవడం వ్యాప్తికి దోహదం చేశాయి. 2009లో వెనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చి రొయ్య మారింది, కాలువ మారలేదు. 2007లో కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) అనుబంధంగా ఏర్పడిన నాక్సా అనే సంస్థ చిన్న రైతులను సంఘాలుగా కూడగట్టింది. ఒకే కాలువ మీది వారు దాదాపు ఒకేసారి సీడు వదలాలి, జబ్బు కనిపిస్తే చుట్టుపక్కల వారికి చెప్పాలి. పద్ధతి మంచిదే. కానీ జబ్బు మాట పొక్కితే కొనేవాడు ధర తెగ్గోస్తాడు. ఆ భయంతో నోరు మూసుకున్న రైతును స్వార్థపరుడని తిట్టి లాభం లేదు. ముందుగా చెప్పినవారి తరఫున సంఘమే బేరమాడాలి, వారి చెరువులో రొయ్యలు పట్టడానికి మనుషులను కూడా సంఘమే కుదర్చాలి. కూలీ విషయంలో అయితే ఇంత ఏర్పాటు కూడా అక్కరలేదు. పంట చివర ఇచ్చే బోనస్‌ను మిగిల్చిన మేత బస్తాలకు ముడిపెడితే సరిపోతుంది.