కదిలిన గుండె స్కాన్‌ను కంప్యూటర్ అంతా సరిచేయదు

వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: “గుండె న్యూక్లియర్ స్కాన్‌లో కొద్దిగా కదిలినా ఏం కాదు, కంప్యూటర్ సరిచేస్తది. మళ్లీ తీస్తమంటే ఒప్పుకోకుండ్రి, ఇంకో రేడియేషన్ ఇంజెక్షన్ ఇస్తరు. ఊపిరి బిగబడితే చాలు.” దీన్ని నమ్మితే నష్టపోయేది పేషెంటే.

“కంప్యూటర్ సరిచేస్తది.” సగమే నిజం. ఈ స్కాన్‌కు ముందు కొద్దిగా రేడియేషన్ ఉన్న మందును ఇంజెక్షన్‌గా ఇస్తారు, అది గుండె కండరంలో చేరుతుంది. దాన్నుంచి వచ్చే కిరణాలను పట్టుకునే రెండు తలల గామా కెమెరా ఛాతీ చుట్టూ 180 డిగ్రీల మేర, మూడేసి డిగ్రీలకొకటి చొప్పున సుమారు 60 ఫ్రేములు (చిత్రాలు) తీస్తుంది. ఒక్కో చోట 20–25 సెకన్లు ఆగుతుంది. గుండె తలవైపో కాళ్లవైపో జరిగితే, పక్క ఫ్రేములతో పోల్చి ఆ ఫ్రేమును మళ్లీ వరుసలోకి తేవడం సాఫ్ట్‌వేర్‌కు వచ్చు. భుజం నొప్పికి ఒళ్లు పక్కకు తిప్పితే మాత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడు తప్పింది కోణమే. ఫ్రేమును ఎటు జరిపినా కోణం మారదు. పైగా కాలేయం, పేగుల్లో మందు మెరుస్తుంటే దాన్నే గుండె అనుకుని బాగున్న ఫ్రేములనూ చెడగొడుతుంది. అందుకే దిద్దిన తర్వాత కూడా ఫ్రేములన్నీ వరుసగా తిప్పి కంటితో చూడాల్సిందే.

“కొద్దిగా కదిలినా ఏం కాదు.” 64×64 చిత్రంలో ఒక పిక్సెల్ అంటే సుమారు 6 మిల్లీమీటర్లు. అంతవరకు సాధారణంగా చెల్లుతుంది. రెండు పిక్సెళ్లు, అంటే దాదాపు వేలి మందం కదిలితే గుండె గోడల్లో రక్తం అందనట్టు మచ్చలు రావచ్చు. స్కాన్ నడిమధ్యలో కదిలితే మరీ చేటు. రెండు తలలు ఒకేసారి తీస్తాయి కాబట్టి ఒక్క కదలిక రెండు చోట్ల పడుతుంది. ఆ మచ్చను బ్లాక్ అనుకుంటే అక్కర్లేని యాంజియోగ్రామ్ దాకా పోతుంది.

“ఇంకో ఇంజెక్షన్ ఇస్తరు.” అన్నింట్లోకీ హాని చేసే మాట ఇదే. ఈ స్కాన్‌కు వాడే మందు సెస్టామిబి గుండె కండరంలో చేరాక చాలాసేపు అక్కడే ఉంటుంది. దానికి తగిలించిన, రేడియేషన్ ఇచ్చే టెక్నీషియం-99ఎం సగానికి తగ్గడానికి 6 గంటలు పడుతుంది. కాబట్టి అదే మందుతో వెంటనే మళ్లీ తీయొచ్చు, పట్టేది ఇంకో పావుగంట. గామా కెమెరా కిరణాలను పట్టుకుంటుందే తప్ప పంపదు. కొన్నిచోట్ల దీంతో పాటు తీసే సీటీ (ఎక్స్‌రే స్కాన్) కూడా మళ్లీ తీస్తే మాత్రం ఆ కాస్త డోసు అదనం. ములుగు నుంచో ఏటూరునాగారం నుంచో వచ్చిన మనిషి తిరుగు బస్సెక్కాక తప్పు బయటపడితేనే ఇంకో రోజు, ఇంకో ఇంజెక్షన్.

“ఊపిరి బిగబడితే చాలు.” వద్దే వద్దు. పావుగంట ఎవరూ బిగబట్టలేరు. వదిలి గట్టిగా పీల్చినప్పుడల్లా డయాఫ్రమ్‌తో (ఊపిరితిత్తుల కింది కండరపు పొరతో) పాటు గుండె కిందికి దిగుతుంది. మామూలుగా పీల్చాలి. ట్రెడ్‌మిల్ దిగాక ఆయాసం తగ్గేకొద్దీ గుండె మెల్లగా పైకి జరుగుతుంది కాబట్టి వెంటనే పడుకోబెట్టొద్దు. సెస్టామిబికి కనీసం 15 నిమిషాలు ఆగాలి.

మూత్రానికి ముందే వెళ్లి రావాలి. మోకాళ్ల కింద దిండు, ఎత్తిన చేతులకు ఆనుడు అడిగి పెట్టించుకోవాలి. “అవ్వా, భుజం గుంజుతుందా?” అని టెక్నీషియన్ మొదలుపెట్టే ముందే అడగాలి. మధ్యలో దగ్గొచ్చినా, ఒళ్లు కదిలినా దాచకుండా చెప్పండి. ఫ్రేములు చూసి సరేనన్నాకే బట్టలు మార్చుకోండి.