కొనమన్నవారు అమ్మినప్పుడూ చెప్పాలి

ఒక చిన్న కంపెనీ షేర్లు రోజుకు సగటున 20,000 చేతులు మారుతున్నాయనుకుందాం. ఆన్‌లైన్ మదుపరుల గ్రూపులో మంచి పేరున్న ఒకరు దానిమీద లోతైన విశ్లేషణ రాశారు. చదివినవాళ్లలో 500 మంది తలా 200 షేర్లకు ఆర్డరు పెట్టారు. మొత్తం లక్ష షేర్లు. అంటే ఐదు రోజుల వాల్యూమ్‌కు (చేతులు మారే షేర్ల సంఖ్యకు) సరిపడా గిరాకీ ఒక్కసారిగా మీదపడుతుంది. అమ్మేవాళ్లు తక్కువ కాబట్టి ధర ఎగబాకుతుంది. ఆ వారంలో కంపెనీ అమ్మకాలు, లాభం, అప్పు ఏవీ మారలేదు. అయినా ‘చెప్పినట్టే పెరిగింది’ అన్న మాట గ్రూపంతా పాకుతుంది. సిఫార్సు వల్ల వచ్చిన పెరుగుదలే సిఫార్సుకు సాక్ష్యమై కూర్చుంటుంది.

రాసిన వ్యక్తి దగ్గర అప్పటికే 80,000 షేర్లు ఉన్నాయనుకోండి. మామూలు రోజుల్లో అన్ని షేర్లు అమ్మబోతే ధర కుప్పకూలుతుంది. కొనేవాళ్లు ఎగబడే ఈ వారంలో మాత్రం సులువుగా వదిలించుకోవచ్చు. ఆయన విశ్లేషణలో ఒక్క అబద్ధమూ లేకపోవచ్చు. అయినా ఆయన బయటపడింది చదువరుల డబ్బుతోనే. అంచనా తప్పడం నేరం కాదు, మార్కెట్లో ఎవరి అంచనా అయినా తప్పుతుంది. కొనమని పదిమందికీ చెప్పి, అమ్మేటప్పుడు నోరు మెదపకపోవడం నమ్మకద్రోహం.

ఈ ఎత్తు ఇంటర్నెట్ కంటే పాతది. అమెరికాలో ఒక పెట్టుబడి సలహా సంస్థ 1960లో ఆరుసార్లు ఇదే పని చేసింది. ముందు తాను షేర్లు కొని, దీర్ఘకాలానికి మంచివని చందాదారులకు సిఫార్సు చేసి, ధర పెరగ్గానే అమ్మేసింది. ఆ లావాదేవీల సంగతి చందాదారులకు చెప్పకపోవడం మోసమేనని 1963లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని ఆపించడానికి, నష్టపరచాలన్న ఉద్దేశం ఉందని విడిగా నిరూపించనక్కర్లేదని కూడా చెప్పింది. షేరును పొగడడానికి డబ్బు తీసుకుంటే ఆ సంగతితోపాటు ఎంత తీసుకున్నదీ చెప్పాలని ఆ దేశపు 1933 చట్టంలోనే ఉంది.

భారత్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో రీసెర్చ్ అనలిస్టులకు, అంటే షేర్లపై నివేదికలు రాసేవారికి, తెచ్చిన నిబంధనలు ఇంకాస్త ముందుకెళ్లాయి. నివేదిక వెలువడడానికి 30 రోజుల ముందు నుంచి, వెలువడిన 5 రోజుల దాకా అనలిస్టు ఆ షేరులో లావాదేవీ చేయకూడదు. సొంత డబ్బు పెట్టుకుని సరదాగా రాసే మదుపరి ఆ 30 రోజుల షరతు పాటించడం కష్టమే, ఎందుకంటే కొన్నాడు కాబట్టే రాస్తాడు. తర్వాతి 5 రోజులు చేయి కట్టుకుని కూర్చోవడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. చట్టం బలవంతపెట్టకపోయినా ఆ భాగాన్ని ప్రతివాళ్లూ అరువు తెచ్చుకోవచ్చు.

‘ఈ షేరు నా దగ్గర ఉంది’ అన్న ఒక్క వాక్యంతో బాధ్యత తీరదు. పోర్ట్‌ఫోలియోలో, అంటే తన మొత్తం పెట్టుబడుల్లో, అది 2 శాతమా, 40 శాతమా అన్నదాన్ని బట్టి రాసేవారి ఆత్రం అర్థమవుతుంది. సగటు కొనుగోలు ధర కూడా చెప్పాలి. ఇప్పటి ధరలో మూడో వంతుకే కొన్నవారికి, ధర సగానికి పడినా లాభమే. ఆ సిఫార్సు చదివి ఈరోజు కొన్నవారికి సగం పెట్టుబడి పోతుంది, అసలు తిరిగి రావాలంటే షేరు 100 శాతం పెరగాలి. ఇద్దరి రిస్కూ ఒకటి కాదు. కుటుంబ సభ్యుల ఖాతాల్లో ఉన్న షేర్లు, కంపెనీతో ఉద్యోగ, వ్యాపార సంబంధాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఏం జరిగితే తన అభిప్రాయం తప్పని ఒప్పుకుంటారో కూడా ముందే రాయాలి. వరసగా రెండు త్రైమాసికాలు మార్జిన్ (అమ్మకాల్లో లాభం శాతం) తగ్గితే, ఆడిటర్ మధ్యలో రాజీనామా చేస్తే అన్నంత స్పష్టంగా ఉండాలి.

అమ్మకం దగ్గరే చాలామంది తడబడతారు. ముందే చెబితే ధర పడి తాము నష్టపోతామంటారు. నిజమే. కానీ చెప్పకుండా అమ్మితే ఆ నష్టం తమను నమ్మిన వారి నెత్తిన పడుతుంది. అందుకే తన దగ్గరున్న షేర్లు ఒక రోజు సగటు వాల్యూమ్‌ను మించి ఉంటే, ఆ కంపెనీని సిఫార్సు చేయకపోవడమే మేలు. అంతకంటే తక్కువైతే, అమ్మిన రోజే, సిఫార్సు చేసిన చోటే, ఎంత అమ్మారో, ఎందుకు అమ్మారో రాయాలి.

‘ఇది సలహా కాదు, మీరే పరిశీలించుకోండి’ అని చివర్లో తగిలించే మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను. పైన టార్గెట్ ధర (షేరు చేరుతుందనే ధర), కింద ఆ వాక్యం ఉంటే పాఠకుడు గుర్తుంచుకునేది టార్గెట్‌నే.

ఇంకో కీడు, ప్రశ్నించేవారిని తరిమేయడం. లాభం పెరుగుతున్నా కార్యకలాపాల నుంచి నగదు ఎందుకు రావడం లేదు, అమ్మకాల కంటే కంపెనీకి రావాల్సిన బకాయిలు ఎందుకు వేగంగా పెరుగుతున్నాయి, ప్రమోటర్లు (కంపెనీని తమ అదుపులో ఉంచుకున్న యజమానులు) షేర్లు ఎందుకు తాకట్టు పెట్టారు అని అడిగినవారిని షేరు పడాలని కోరుకునే శత్రువులుగా చూస్తారు. షేరు కొన్నవాళ్లకు అందరికంటే ఎక్కువ ఉపయోగపడే మనిషి ఆ గ్రూపులో అలా ప్రశ్నించేవారే.

గ్రూపు నిర్వాహకులు చేయదగ్గ పనులు కష్టమైనవేమీ కావు. వాటా వివరాలు లేని సిఫార్సును అవి చేర్చేదాకా నిలిపి ఉంచాలి. ఒక రోజు గడిచాక పాత సిఫార్సును మార్చడానికీ, చెరపడానికీ వీల్లేకుండా చేయాలి. తప్పులుంటే తేదీతో సహా దాని కిందే సవరణ రాయించాలి. ఏడాది తర్వాత ఒకరి పాత సిఫార్సులన్నీ, పెరిగిన మూడే కాకుండా పడిపోయిన పదిహేడు కూడా, కొత్తగా చేరినవారికి ఒకేచోట కనిపించాలి.