పరిశోధనకే పట్టం కట్టాలి

కలరా సోకిన మనిషి ఒంట్లో నీరంతా గంటల్లో ఎందుకు బయటకు పోతుందో 1959లో వైద్య పరిశోధకుడు శంభునాథ్ దే తేల్చారు. కలకత్తాలో ఆయన కుందేలు పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో బిగించి కట్టారు. కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని క్రిమి ఒక్కటీ మిగలకుండా వడగట్టి ఆ భాగంలోకి ఎక్కించారు. క్రిములు లేకున్నా పేగు నీటితో ఉబ్బింది. రోగానికి కారణం క్రిమి వదిలే విషమని అలా రుజువైంది. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సింపోజియానికి (శాస్త్రవేత్తల సదస్సుకు) ఆయనను పిలిచారు. కానీ 1985లో కన్నుమూసే నాటికి స్వదేశంలో ఒక్క సైన్స్ అకాడమీ కూడా ఆయనను ఫెలోగా ఎన్నుకోలేదు.

వైద్య పరిశోధకులకు జీవన సాఫల్య పురస్కారాలిచ్చే సంస్థలన్నీ ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. ఎవరో నామినేషన్ పంపితేనే పరిశీలిస్తామంటే, పంపేందుకు శిష్యగణమున్న సంస్థాధిపతులకే పురస్కారాలు దక్కుతాయి. పైరవీ చేయకున్నా జరిగేది ఇదే. అందుకే ఎంపిక సంఘం తానే వెతకాలి. ఇవాళ వాడుతున్న చికిత్సను, పరీక్షను, టీకాను తీసుకుని, దాని వెనకున్న తొలి ప్రయోగం ఎవరిదో వెనక్కి నడుస్తూ ఆరా తీయాలి. మరుగున పడిన పేర్లు బయటపడేది ఆ దారిలోనే.

పరిశోధన పత్రాల లెక్క, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారన్న సైటేషన్ల లెక్క నమ్మదగిన కొలమానాలు కావు. విభాగాధిపతి పేరు తన కింద వెలువడే ప్రతి పత్రంలోనూ చేరుతుంది. భారీ క్లినికల్ ట్రయల్‌లో రచయితలే వందల మంది ఉంటారు. అంతకన్నా అభ్యర్థి చేసిన పరిశోధనల్లో అయిదింటిని మాత్రమే అడగడం మేలు. ఒక్కో పరిశోధనకు ఒక్కో పేజీ చాలు: ప్రశ్న ఏమిటి, అభ్యర్థి స్వయంగా చేసిందేమిటి, సంబంధం లేని ప్రయోగశాల ఏది ఆ ఫలితాన్ని మళ్లీ రాబట్టింది, రోగికి ఒరిగిందేమిటి. వీటిపై అభిప్రాయం చెప్పే నిపుణులు అభ్యర్థి సూచించినవారో, సహ రచయితలో, శిష్యులో కాకూడదు. అలాంటి బంధమున్న సంఘ సభ్యులు ఆ చర్చ ముగిసేదాకా గది బయట ఉండాలి. ఉపసంహరించిన పత్రాలు, పత్రాల్లోని ప్రయోగ చిత్రాల తారుమారు, రోగుల సమ్మతిపై ఫిర్యాదులు ఉన్నాయేమో ప్రకటనకు ముందే చూడాలి.

తొందరపాటు, జాప్యం రెండూ చేటే. పురుగుల వల్ల ఎలుకల కడుపులో క్యాన్సర్ వస్తుందన్న డెన్మార్క్ శాస్త్రవేత్త ఫిబిగర్‌కు 1926 నోబెల్ ఇచ్చారు. ఆ నిర్ధారణ తప్పని తర్వాత తేలింది. కోళ్లలో కణితిని కంటికి కనిపించని, వడపోతకు చిక్కని కారకం వ్యాపింపజేస్తుందని 1911లో చూపిన అమెరికా శాస్త్రవేత్త పేటన్ రౌస్‌ది సరైన పరిశోధన. ఆయనకు నోబెల్ దక్కింది 1966లో, 87వ ఏట. జీవితకాల కృషిని తూచేవారికి ఒక వెసులుబాటుంది: ఫలితం నిలిచిందో లేదో అప్పటికే కాలం చెప్పేసి ఉంటుంది. ఇక జాప్యానికి సాకేముంది? 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో ఉప్పు, చక్కెర కలిపిన నీటితో కలరా మరణాలను దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపునకు దించిన వైద్యుడు దిలీప్ మహలనబిస్ 2022 అక్టోబరులో మరణించారు. పద్మవిభూషణ్ ప్రకటించింది 2023 జనవరిలో.

ఆ శిబిరంలో ద్రావణం తాగించింది ఎక్కువగా రోగుల బంధువులే. వైద్య పరిశోధన ఒంటరి పని కాదు. టెక్నీషియన్లు, నర్సులు, సంఖ్యాశాస్త్రవేత్తల పేర్లు ప్రశంసాపత్రంలో ఉండి తీరాలి. ఒక ఏడాది ఎంపిక కాని నామినేషన్‌ను చెత్తబుట్టలో వేయకుండా కనీసం అయిదేళ్లు సజీవంగా ఉంచాలి. ఏటా తొలి సమావేశంలో ముందుగా ఎనభై దాటినవారి దస్త్రాలు తెరవాలి.