సవరణ: కారు మీది దుమ్మును పొడిగుడ్డతో తుడవొద్దు

పోయిన వారం కారు కడగడం గురించి రాస్తూ, రోజూ పొద్దున్నే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలన్నాను. అది తప్పు. గుడ్డ ఎంత మెత్తనిదైనా దాని కింద నలిగేది ఇసుక. రంగు మీద ఉండే క్లియర్‌కోట్ (రంగును కాపాడే పారదర్శక పూత) మందం సాధారణంగా 40–50 మైక్రాన్లే, తలవెంట్రుక కన్నా పలచన. ఎండలో సాలెగూడులా కనిపించే సన్నగీతలు ఎక్కువగా ఇలా వచ్చేవే. నా కారు బానెట్ నిండా ఉన్నాయి. ఇన్నాళ్లూ వాచ్‌మన్‌ను అనుమానించాను పాపం.

ముందు నీళ్లు ధారగా కొట్టి దుమ్ము వదలగొట్టాలి. ఆ తర్వాతే కార్ షాంపూ. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు. పైనుంచి కిందికి రావాలి. చక్రాలకు వేరే గుడ్డ.

ఇంకోటి, గిన్నెలు తోమే లిక్విడ్ వాడొచ్చన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. దాంతో గీతలు పడవు గానీ, డబ్బు పెట్టి వేయించుకున్న వ్యాక్స్ పోతుంది. బోరునీళ్లయితే నీడలోనే కడిగి, ఆరకముందే తడి అద్దేయండి. లేకపోతే తెల్లమచ్చలు మిగులుతాయి.