కాపీ వేస్తే తప్పేందబ్బా?

మా నెల్లూర్లో ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటా ఎవరన్నా రవివర్మ శకుంతలనో దమయంతినో చూసి వేస్తా ఉంటే చాలు, చూసినోళ్ళంతా అనే మొదటి మాట "కాపీనే గదా, సొంతంగా ఏదన్నా వెయ్యరాదా" అని. వినీ వినీ విసుగొచ్చే ఈ పోస్ట్ పెడతా ఉండా, కొంచెం పొడుగైనా చదవండి.

సంగీతం నేర్చుకునే పిల్ల త్యాగరాజ కీర్తన పాడితే నువ్వే సొంతంగా ఒకటి కట్టుకో అని ఎవురూ అనరు, బొమ్మ దగ్గరికొచ్చేసరికే ఎందుకీ చిన్నచూపు? 1628లో రూబెన్స్ అనే పెయింటర్ స్పెయిన్‌లో మాడ్రిడ్ పోయేటప్పటికి ఆయనకి యాభై దాటింది, యూరప్ అంతా పేరున్న మనిషి, అయినా అక్కడ కూర్చోని తనకంటే పాతకాలపు పెయింటర్ టిషియన్ వేసిన ఆదాము హవ్వల బొమ్మ మళ్ళీ వేశాడు, అందులో ఒక చిలకని తనే అదనంగా పెట్టాడు, ఆ రెండు బొమ్మలూ ఈరోజుకీ మాడ్రిడ్‌లోనే ప్రాడో మ్యూజియంలో ఉండాయి. మన రవివర్మ అయినా 1868లో తిరువాంకూరు ఆస్థానానికి థియోడర్ జెన్సన్ అనే యూరప్ పెయింటర్ వచ్చి ఆయిల్ వేస్తా ఉంటే చూసి ఒంటబట్టించుకున్నోడే.

నన్నడిగితే ఉత్త మొహం కాకుండా చెట్ల మధ్యన, కొండల ముందర మనిషి నిలబడుండే బొమ్మే ఎంచుకోండి. మొహం ఒక్కటే అయితే పోలిక వచ్చిందా లేదా అనే దాంతోనే సరిపోద్ది. ముల్లు తీసుకునే నెపంతో వెనక్కి తిరిగిన శకుంతల చూపు ఎంత ముఖ్యమో ఆమె చుట్టూ ఉండే అడవీ అంతే ముఖ్యం. మనిషి చెయ్యి ఆకుల మీదికి వచ్చే చోటు చూడండి, అసలు పాఠమంతా అక్కడే ఉంది. వెలుగు పడే పక్క అంచు తేటగా పెట్టాల, నీడ పక్క అంచు ఆకుల్లోకి కలిసిపోవాల, అది రావాలంటే రెండు రంగులూ తడిగా ఉన్నప్పుడే పొడి బ్రష్‌తో మెల్లిగా ఒక్కసారి లాగి వదిలెయ్యాల, అదే పనిగా రుద్దితే మురికి రంగు అయిపోద్ది. చర్మం నీడలో ఉత్త బ్రౌన్ కొడితే మనిషిని కత్తిరించి అడవికి అతికించినట్టే ఉంటది, ఆకుల మీద నించి వచ్చే వెలుగు కోసం అందులో కాస్త ఆకుపచ్చ కలపాల. దూరపు కొండలకయితే పుస్తకం కూడా అక్కర్లా, ఉదయగిరి వైపు పొద్దున్నే పోయి వెలిగొండలు చూడండి, దూరం పోయే కొద్దీ నీలంగా పల్చబడతా పోతాయి, ఆ కొండల మీద చెట్లుండాయని మనకి తెలిసినా చెట్టు కనపడదు.

కడుపు మండేది ఎక్కడంటే కొన్ని క్లాసుల్లో. ప్రొజెక్టర్ పెట్టి అవుట్‌లైన్ గీయించడం, గళ్ళల్లో రంగులు నింపించడం, వారంలో ఫ్రేమ్ కట్టించి ఇంటికి పంపించడం. అది కాపీ కూడా కాదు. ముందర బర్న్ట్ అంబర్‌లో, అంటే ముదురు బ్రౌన్ రంగులో, రంగుని పల్చన చేసే టర్పెంటైన్ కలిపి పల్చగా వెలుగూ నీడా మాత్రమే వెయ్యనియ్యాల, తర్వాత పొర పొరకీ లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పెంచుకుంటా పోవాల. కింద నూనె ఎక్కువా పైన తక్కువా వేస్తే పైపొర గట్టిపడినాక కూడా కింద పొర కదల్తానే ఉంటది, కొన్నాళ్ళకి బొమ్మ బీటలిస్తది. ఆయిల్ నీళ్ళలాగా ఆవిరై ఆరదు, గాల్లో ఆక్సిజన్ పట్టుకోని గట్టిపడద్ది, మన కార్తీకమాసం వానల్లో అయితే ఇంకా లేటవుద్ది. పిల్లల అమ్మానాన్నలు కూడా అయిపోయిందా అయిపోయిందా అని సార్ ప్రాణం తియ్యబాకండి.

ఇంకోటి, క్యాలెండర్ చూసి వెయ్యబాకండి. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టించి అచ్చేయించిన బొమ్మలు రాళ్ళ మీద రంగుకో రాయి చొప్పున వేసిన ప్రింట్లు, వాటిల్లో ఆయిల్ పొరల లోతు యాడ నించి వస్తది? కుదిరితే తిరువనంతపురంలో శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీ పక్కనుండే రాజా రవివర్మ ఆర్ట్ గ్యాలరీకి పోయి అసలు బొమ్మ ముందర నిలబడండి, లేదంటే బ్రష్ గుర్తులు కనపడే పెద్ద ఫోటో సంపాదించుకోండి.

అంతా అయినాక కాన్వాస్ వెనకాల "రవివర్మ శకుంతల చూసి వేసింది" అని రాసి అప్పుడు మీ పేరు పెట్టుకోండి. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఇప్పటికీ కాపీ వేసేవాళ్ళకి పర్మిషన్ ఇస్తారు, అయితే అసలు బొమ్మ సైజులో మాత్రం వెయ్యనియ్యరు. మనం కూడా సైజు మార్చే వేసుకుందాం, ఎవరన్నా కొంటామంటే కాపీ అని చెప్పే అమ్ముదాం.