బర్డ్ బేస్ గారికి ఒక ఎద్దు తరఫున బహిరంగ లేఖ

గౌరవనీయులైన బర్డ్ బేస్ గారికి,

విషయం: నాలుగు కాళ్ళ జంతువులకు చాలినన్ని మొనలు (కాళ్ళూ తలా తోకా అయ్యే కాగితపు కొసలు) మంజూరు చేయకపోవడం గురించి.

ఆర్యా,

ముందుగా తమ హోదాకు నమస్కారం. ఓరిగామి, అంటే కాగితం మడిచి బొమ్మలు చేసే జపాను కళ, నేర్చుకోవడానికి కూర్చున్న ప్రతివారి చేతా మొదట తమకే దండం పెట్టిస్తారు. చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి మడిచి, అంచులను నడిమి గీతకు చేర్చి, పైపొరను ఎత్తి వెనక్కి లాగితే, కొంగ వంటి బొమ్మలకు పునాది మడత అయిన తమరు ప్రత్యక్షమవుతారు. ఆ పొరను ఎత్తుతున్నప్పుడు రెండు పక్కల అంచులూ ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చి నడిమి గీత దగ్గర కలుసుకుంటాయి. ఎన్నిసార్లు చూసినా ముచ్చటగానే ఉంటుంది, కాదనను. 1797 నాటికే జపానులో తమ కొంగలను ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉండేలా మడిచే పద్ధతులతో ఒక పుస్తకం అచ్చయింది. హిరోషిమాలో అణుబాంబు రేడియేషన్ వల్ల జబ్బుపడిన చిన్నారి సడాకో ససాకి మడిచిన కొంగల జోలికి ఈ లేఖ రాదు. నా ఫిర్యాదు పశువుల విభాగానికి మాత్రమే పరిమితం.

నేను మడవాలనుకున్నది ఒంగోలు ఎద్దును. తమ సహాయంతో అది సాధ్యమని నన్ను నమ్మించింది ఒక చిన్న లెక్క. కాగితానికి నాలుగు మూలలు, ఎద్దుకు నాలుగు కాళ్ళు. ఇంతకంటే శుభశకునం ఏముంటుంది? పైగా తమ దగ్గర నాలుగు పొడవాటి మొనలతో పాటు నెత్తిన అయిదో మొన కూడా ఒకటి ఉంది. కాగితం నడిబొడ్డు నుంచి పుట్టి, కొంగకు వీపుగా పనికివచ్చే ఆ పొట్టి మొనను చూడగానే నా ఎద్దుకు మూపురం పుట్టుకతోనే వచ్చిందని సంబరపడ్డాను.

సంబరం కాళ్ళు విప్పేదాకానే. పదిహేను సెంటీమీటర్ల కాగితంలో తమ నాలుగు మొనలు ఒక్కొక్కటీ ఏడున్నర సెంటీమీటర్లు ఉంటాయి. నడిమి మొన మాత్రం మూడు సెంటీమీటర్లకు కాస్త పైన. నాలుగు పొడుగువీ కాళ్ళకిచ్చి నిలబెడితే బల్ల మీద వెలిసింది మూపురం ఉన్న పీట. దానికి తల లేదు, తోక లేదు. సరేనని ఒక మొనను తలకూ ఒకదాన్ని తోకకూ కేటాయిస్తే కాళ్ళు రెండే మిగిలాయి. అప్పుడది ఎద్దు వేషం వేసుకున్న తమ పాత కొంగే. ఇక మూపురం సంగతి. ఒంగోలు ఎద్దుకు అది భుజాల మీద ఉంటుంది. తమరు నడి వీపు మీద పెట్టారు. అలాంటి జంతువును మా వైపు ఒంటె అంటారు.

పొత్తు పార్టీల మధ్య సీట్ల సర్దుబాటు చూసినవారికి ఈ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. గెలిచే స్థానాలు నాలుగే, అవే మూలలు. ఆశావహులు మాత్రం నాలుగు కాళ్ళు, తల, తోక. వాళ్ళ వెనకాలే రెండు కొమ్ములు, రెండు చెవులు, ఒక గంగడోలు. తోకను బుజ్జగించి పక్కన కూర్చోబెడదామంటే, ఈగలు తోలుకునే హక్కు ఎద్దుకు లేదా అని ఎదురు ప్రశ్న.

మొనల సంఖ్య ఒక్కటే సమస్య అయితే ఇంత ఘాటుగా రాసేవాణ్ణి కాదు. తమ అసలు లోపం మొండెం. తమ మొనలన్నీ ఒకే చోట పుడతాయి. పక్షికి అది నప్పుతుంది. మెడ, తోక, రెక్కలు అన్నీ ఒక ముద్ద దగ్గర కలిసినా ఎవరూ ఏమీ అనుకోరు. ఎద్దుకు మాత్రం ముందు కాళ్ళు ఒక చోట, వెనుక కాళ్ళు మరొక చోట, రెంటి మధ్యా కాడి లాగే శరీరం ఉండాలి. ఆ దూరం కోసం తమలో ఒక్క అంగుళం కూడా కేటాయించలేదు.

తమ బంధువు ఫ్రాగ్ బేస్ గారిని కూడా ఆశ్రయించాను. ఆయన మరీ ఉదారులు. నాలుగు మూలలతో పాటు నడిమి మొననూ వాటితో సమానమైన పొడవులో ఇస్తారు. అంచుల నుంచి ఇంకో నాలుగు పొట్టి మొనలు కొసరు. నాలుగు కాళ్ళు, ఒక తల. లెక్క సరిపోయిందని చప్పట్లు కొట్టబోయేలోపు గుర్తొచ్చింది, కప్పకు తోక ఉండదు కదా! కొసరుగా ఇచ్చిన నాలుగు మొనలూ పొట్ట చుట్టూ వేలాడుతుంటాయి. వాటిలో ఒకదాన్ని తోక అనుకోవాలంటే ఎద్దు ఒప్పుకోవాలి. మా ఎద్దు ఒప్పుకోదు.

తమ వల్ల కాదని పెద్దలకు ఎప్పుడో తెలుసు. జపాను ఓరిగామి పెద్ద ఇసావో హోండా వంటివారు చేసిన పని ఏమిటో తమకు గుర్తుండే ఉంటుంది. రెండు కాగితాలు తీసుకుని, ఒకదానితో తల, ముందు కాళ్ళు, మరొకదానితో తోక, వెనుక కాళ్ళు మడిచి, మధ్యలో జిగురుతో అతికించేవారు. కత్తెర పట్టడానికీ మొహమాటపడేవారు కాదు. జంతువు ముచ్చటగానే నిలబడేది. నడుము దగ్గర అతుకు కనిపించకుండా ఫోటో తీసుకోవాలంతే.

ఇంకో ఉపాయం ఉంది. ముందే నాలుగు మూలలనూ కేంద్రానికి మడిచేసి, ఆ చిన్న చదరం మీద తమను మడవడం, ఆ తరువాత దాచిన మూలలను బయటికి లాగడం. మొనలు పుష్కలంగా వస్తాయి. జార్జ్ రోడ్స్ ఈ దారిలోనే ఏనుగును మడిచారు. ఏనుగు కాబట్టి చెల్లింది. మందమైన కాళ్ళు, మందమైన చర్మం, ఎన్ని పొరలు పడినా అందమే. నా పదిహేను సెంటీమీటర్ల కాగితం మొదటి మడతకే పదిన్నరకు కుంచించుకుపోయి, పొరలు రెట్టింపై కూర్చుంది. అందులోంచి కొమ్ములు తీయబోతే మన బడిపిల్లల గ్లేజు కాగితం ఏం చేస్తుందో తమకు తెలియదు. మడత పడిన ప్రతి గీత మీదా రంగు పెచ్చులుగా లేచి తెల్లటి చార తేలుతుంది. మూడు నాలుగు మడతలు ఒకే చోట పడితే మొన కొస చీలుతుంది. జెరాక్సు కాగితం చీలదు, కానీ అంత మందంలో కొమ్ము కొమ్ములా కాక బొటనవేలులా వస్తుంది.

తమ ఏలుబడిని తమ సొంత దేశపు పంచాంగమే ప్రశ్నిస్తోంది. జపాను వాళ్ళకు ఏడాదికొక జంతువు చొప్పున పన్నెండు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, గుర్రం, గొర్రె, కుక్క, పంది అన్నీ నాలుగు కాళ్ళవే. పక్షి కోటాలో కోడి ఒక్కటే. అకిరా యోషిజావా 1950ల మొదట్లో ఒక పత్రిక కోసం ఈ పన్నెండింటినీ మడిచే అందరి కంటా పడ్డారు. జనానికి కావలసింది పశువులని అప్పటికే తెలిసిపోయింది. ఆ మాట తమ చెవిన ఎవరూ వేసినట్టు లేదు. తమకు చెవులు ఉంటే కదా, వాటికీ మొనలు చాలవు.

తరువాత అమెరికాలో జాన్ మోంట్రోల్ ఒకే చదరం, కత్తెర లేదు, జిగురు లేదు అని పట్టుబట్టి, డాగ్ బేస్ అనే వేరే పునాది మడతను కట్టారు. తమ పేరు చెప్పుకోకుండా, కావలసిన జంతువు నుంచి వెనక్కి ఆలోచించారు. రాబర్ట్ లాంగ్, తోషియుకి మెగురో వంటి ఓరిగామి రూపకర్తలు ఆ ఆలోచనను జ్యామితిగా మార్చారు. ప్రతి మొనకూ కాగితం మీద ఒక వృత్తం గీయాలి, మొన పొడవే దాని వ్యాసార్ధం. ఇక్కడే తమ గుట్టు బయటపడింది. మూలలో మొనకు పావు వృత్తం కాగితం చాలు, అంచు మీదైతే అర వృత్తం, నడిబొడ్డునైతే నిండు వృత్తం ఖర్చు. అంటే నేను పుట్టుకతో వచ్చిన వరమనుకున్న మూపురమే అన్నింటికంటే ఖరీదైన స్థలంలో ఉంది. ముందు కాళ్ళ వృత్తాలకూ వెనుక కాళ్ళ వృత్తాలకూ మధ్య మొండెం కోసం ఒక పట్టీ వదలాలి. దాన్ని వాళ్ళు నది అంటారు. మన దగ్గర నది అనగానే వాటాల తగువు మొదలవుతుంది, కాగితం మీద కూడా అంతే.

లాంగ్ ఈ వృత్తాలు పేర్చే పనిని ట్రీమేకర్ అనే ప్రోగ్రాముకు అప్పగించారు. పుల్లలతో బొమ్మ గీసి ఏ పుల్ల ఎంత పొడవో చెబితే, కాగితం మీద ఎక్కడెక్కడ గీతలు పడాలో అది లెక్కకట్టి ఇస్తుంది. ఏ మడత ముందు, ఏది తరువాత అన్నది మాత్రం చెప్పదు. గీతలన్నీ ఒకేసారి ముడుచుకోవాలి. దాని ముందు కూర్చున్నప్పుడు, తమ మూడు నాలుగు మడతల మర్యాద గుర్తొచ్చి తమ మీద కొంచెం జాలి కలిగిన మాట నిజం.

ప్రస్తుతం నా ప్రయోగం ఇలా ఉంది. కాగితాన్ని ఐమూలగా తిప్పి, ఒక మూల తలకు, ఎదుటి మూల తోకకు, మిగిలిన రెండు మూలలు వెనుక కాళ్ళకు ఇచ్చాను. ముందు కాళ్ళు అంచుల మీద నుంచి వస్తున్నాయి. తోకకు ఒక మూల మొత్తం రాసివ్వడం దండగని తెలుసు. అయినా ఇన్నాళ్ళు ఏడిపించిన తోకకు పదవి ఇవ్వకపోతే ఊరుకోదు. మూపురం కోసం నడిమి కాగితాన్ని కొంచెం ముందుకు జరిపితే ఇప్పటికి భుజాల దాకా వచ్చింది. గంగడోలు ఇంకా దరఖాస్తు దశలోనే ఉంది.

మిత్రులు మధ్యే మార్గం సూచించారు, కూర్చోబెట్టు అని. లేపాక్షి నంది కూర్చునే ఉంది కదా, కాళ్ళు కిందకు మడిచేస్తే మొనల గొడవే ఉండదు అంటారు. ఆ నందిని చెక్కిన శిల్పికి సుమారు ఇరవై ఏడు అడుగుల పొడవు రాయి దొరికింది. నిలబెట్టే స్తోమత ఉండి కూర్చోబెట్టడం వేరు, మొనలు లేక కూర్చోబెట్టడం వేరు. ఈ తేడా ఎద్దుకు తెలియకపోవచ్చు, నాకు తెలుస్తుంది.

కాబట్టి కోరేదేమిటంటే, తమరు కొంగలను, కావాలంటే కోడిని కూడా ఉంచుకుని, నాలుగు కాళ్ళ శాఖ బాధ్యతల నుంచి తక్షణం తప్పుకోవాలి. ‘అన్ని జంతువులకూ మూలం’ అని కొత్తవారికి తమ గురించి చెప్పడం ఆపించాలి. మొండెం విషయంలో మౌనం ఎందుకు వహించారో సంజాయిషీ ఇవ్వాలి. కొంగ రూపంలో తప్ప మరే రూపంలోనూ నా బల్ల మీదకు రాకుండా ఉంటే మరీ సంతోషం.

జవాబు రాస్తానంటే అభ్యంతరం లేదు. తోక విషయంలో మాత్రం స్పష్టంగా రాయండి.

ఇట్లు,
కాళ్ళు నాలుగూ దక్కి, గంగడోలు కోసం ఎదురుచూస్తున్న ఎద్దు తరఫున,
కాగితం మడిచే ఒక విధేయుడు